తొండం లేని ఏడాది

పది రూపాయల టిక్కెట్టు.
అరవై దాటినవాళ్ళకి ఐదేనట.
కిటికీలో కుర్రాడు నా మొహం చూసి
అడక్కుండానే ఐదు తీసుకున్నాడు.
ఈ గేటుకి తాళం వేసే మనిషి కూతుర్ని బాబూ, అందామనుకున్నాను.
వెనక లైను పెరుగుతోంది.

విజయనగరంలో దీనికిప్పుడు పెద్ద పేరేదో పెట్టారు.
మాకు రేడియో పార్కు.
పొద్దుగూకుతుంటే మా నాన్న
మొలనున్న తాళాల గుత్తిలోంచి చూడకుండానే ఒకటి లాగి
ఎర్ర పెంకుల గది తెరిచేవాడు.
ఢిల్లీ గొంతు స్తంభం మీంచి ఊళ్ళోకి దిగేది.
జూటు మిల్లు నుంచి వచ్చినవాళ్ళు
చొక్కాల మీద నారనూగుతో గడ్డిలో కూర్చుని
పల్లీలు ఒలవడం ఆపి
యుద్ధం వినేవారు.

నాన్న పేరు సన్నాసి. గెంబలి సన్నాసి.
బెజవాడ నుంచి కొత్తగా వచ్చిన కమిషనరు
హాజరుపట్టీ చదువుతూ నవ్వాడట.
"తిట్టు కాదు బాబూ, పేరే" అన్నాడట నాన్న.
ఇంటికొచ్చి ఆ మాట నాలుగుసార్లు చెప్పాడు.
నాలుగోసారి తనొక్కడే నవ్వాడు.

నాకు ఏడేళ్ళప్పుడు
ఊరంతా అమ్మవారి సిరిమాను చూడ్డానికి పోతే
అమ్మవారు నా దగ్గరికే వచ్చింది,
ఒళ్ళంతా పొక్కులై, వేపాకుల పక్క మీదకి.
వీధి చివర డప్పులు.
తెల్ల ఏనుగు వెళ్ళిపోయిందన్నారు.
నేను చూడలేదు.

ఆ తర్వాత ఏడాదంతా
రేడియో గది ముందు గోరింట పొదని
నాన్న ఎవరికీ చెప్పకుండా పెంచుతూ వచ్చాడు.
ఊచలు వంచి, తీగ చుట్టి,
ఇక్కడ తుంచి, అక్కడ వదిలేసి.
మొదట అందరూ గేదె అనుకున్నారు.
తర్వాత చెవులు వచ్చాయి.
"తెలుపు నావల్ల అవదమ్మా" అన్నాడు.

వేసవిలో నీళ్ళు మనుషులకే చాలేవి కావు.
తొండం ఎండిపోయేది.
మొండి ఏనుగుని చూసి కుర్రాళ్ళు ఈలలు వేసేవారు.
మృగశిర కార్తె దాటితే చివుళ్ళు,
వినాయక చవితికల్లా తొండం.
ఆషాఢంలో కత్తిరింపులన్నీ గోనెసంచిలో మా లైనిళ్ళకి వచ్చేవి.
మా వీధి ఆడవాళ్ళ అరచేతుల్లో
ఎర్రగా పండేది ఏనుగే.

ఇప్పుడు
దారి పొడుగునా రాళ్ళు సాపుగా పరిచారు, నా మోకాలు ఒప్పుకుంది.
దీపాలు బోలెడు.
ఆడవాళ్ళు బూట్లు వేసుకుని గబగబా నడుస్తున్నారు,
ఫోన్లో ఎవరినో కేకలేస్తూ.
ఆ రోజుల్లో చీకటి పడ్డాక ఇక్కడ ఆడపిల్లనంటే నేనొక్కదాన్నే,
అదీ తాళాలాయన కూతుర్ని గనక.
మరుగుదొడ్డి ఉంది. తలుపుకి గడియ ఉంది. నీళ్ళొస్తున్నాయి.
బయటికొచ్చి కాసేపు దాని ముందే నిలబడ్డాను.
ఇది బాగుంది నాన్నా. అబద్ధమెందుకు.

రేడియో గదికి రంగు వేశారు. లోపల ఐస్‌క్రీము.
దాని ముందు ఏనుగు.
ఫైబరుది, బూడిదరంగు, తొండంలోంచి నీళ్ళు,
కింద తడిసి గోలచేసే పిల్లలు.
పక్కన నల్లరాతి పలక మీద బంగారు అక్షరాలు:
సంస్థానం కాలంలో ఇచ్చట పచ్చ ఏనుగు ఉండెడిది.

సంస్థానం కాలం.
మళ్ళీ చదివాను. కోపం రావాలి కదా,
నాన్న నాలుగోసారి నవ్విన నవ్వు వచ్చింది.
నెలకి నూటపది రూపాయల జీతగాణ్ణి
సంస్థానం చేసీసేరు.

"ఏటి రాసుంది మామ్మా?"
తడి నిక్కరుతో ఒక గుంటడు.
"ఇక్కడో ఏనుగుండీది. పచ్చది.
ఎండలకి తొండం రాలిపోయీది. వానలకి మళ్ళీ వొచ్చీది."
వాడు ఫైబరు ఏనుగు వైపు చూశాడు.
"మరి దీనికి?"
"దీనికి మోటారుంది."
వాడు ఆలోచించాడు.
తన ముక్కు ఓసారి తడుముకుని
నీళ్ళలోకి పరిగెత్తాడు.

మూసివేయు సమయమైనదని
పొదల్లోంచి ఒక ఆడగొంతు, రికార్డు చేసింది.
నాన్నయితే ఈల వేసేవాడు.
అందరితో పాటు నడిచి
గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి,
లోపల ఇంకెవరైనా ఉండిపోయారేమోనని
ఒకసారి చూశాను.