నలభై మూడో నిమిషం

స్పీకర్ బొమ్మ మీద నొక్కి గీతను కొసదాక గుంజిన.
నూటికి నూరు. ఆపైన జాగ లేదు.
అయినా యాకమ్మ గొంతు
గోడవతల ఎవరో దంచుతున్న పసుపు లెక్కనే ఉన్నది:
దంచుతున్నరని తెలుస్తది, ఏం దంచుతున్నరో తెల్వది.

నయీంనగర్ల, జిరాక్స్ మిషన్ ఎనుక నా బల్ల.
ఎవరో మాట్లాడింది విని అక్షరాలు కొట్టుడు నా పని,
నిమిషానికి పన్నెండు రూపాయలు.
ఈసారి యూనివర్సిటీల చదివే సుహాసిని తెచ్చిచ్చింది,
ఎనుమాముల మార్కెట్ల మిర్చి తొడిమెలు తీసే ఆడోళ్ల ముచ్చట్లు,
పదిహేడు గంటలు.
ఫోను బస్తా మీద పెట్టి రికార్డు చేసిందట.
బస్తాకు వినబడ్డంత నాకు వినబడ్తలేదు.

హెడ్‌ఫోన్ మంచిదే. ఆ మంచితనమే తిప్పలు.
మూతబడ్డ స్టూడియో సామాన్లు ఏలం పాడంగ
ఆరువందలకు దొరికింది.
చినిగిన చెవుల మెత్తలు, మెలికల వైరు,
పట్టీ మీద రెండువందల యాభై ఓములని రాసి ఉన్నది.
మంత్రమేమో అనుకున్న.
"మొండితనం భాయ్ అది," అన్నడు గౌస్ భాయ్.
"నీ కంప్యూటర్ల నీళ్లున్నయి, ట్యాంకేమో మూడో అంతస్తుల.
నడుమ మోటరు పెట్టాలె."

మండిబజార్ల ఆయన దుకాణం
తలుపంత వెడల్పు, గంతే.
మూడు పెట్టెలు ముంగట పెట్టిండు.
ఒకటి అగ్గిపెట్టంత, పదకొండు వందలు;
పెంచితే పెరుగుతది గని
గొంతుతోని పాటు ఇసుక సుత పెరుగుతది.
ఇంకోటి నల్లగ, నున్నగ, నీలం లైటుతోని,
ఆరువేల ఎనిమిది వందలు.
చెయ్యి ప్యాంటుకు తుడుచుకొని ముట్టుకున్న,
మళ్ల తుడుచుకున్న.
మూడోది ఆయన చేతి పని.
స్టీలు టిఫిన్ డబ్బ. మూతకు మూడు రంధ్రాలు,
పాత రేడియోది ఒక గుండి.
లోపల ఏమున్నదంటే "నా రెండు ఐతారాలు" అన్నడు.
రెండువేలు చెప్పి పదిహేడు వందలకు దిగిండు,
పిన్ను మార్చే ముక్క ఊకెనే ఇచ్చిండు.

"మంచి పాట పెట్టి సూడు" అన్నడు.
నేను పెన్‌డ్రైవ్‌ల యాకమ్మను తీస్కపోయిన.

గుండి తిప్పిన.
ముందుగాల ఫ్యాను వచ్చింది. ఎనుక ట్రాలీ ఆటో,
ఎవరిదో తుమ్ము, ఘాటుకు ఇంకోలది,
తొడిమె తెగే సన్నపు చప్పుడు, టిక్, టిక్,
ఇన్నొద్దులు అది కరెంటు చప్పుడనుకున్న.
గప్పుడు ఆమె వచ్చి నా తలకాయ నడుమ కూసున్నది.
దుకాణంల నిలవడి
నాకు సుత తుమ్మొచ్చింది.

రాత్రి షట్టరు సగం దించి మళ్ల మొదటికెల్లి విన్న.
ఏడో నిమిషంల నేను అప్పు అని కొట్టింది ఉప్పు.
పంతొమ్మిదిల నవ్వు అని రాసింది
దగ్గు.

నలభై మూడో నిమిషం.
ఇక్కడ ఆరుసార్లు విని ఆరుసార్లు ఒక్కటే కొట్టిన:
(వినబడలేదు)
గుండి ఇంకింత తిప్పిన.
గాజులు. బస్తా ఎనుకకు ఒరిగిన చప్పుడు.
రికార్డు తప్పేం చెయ్యలేదు,
ఆమెనే గొంతు తగ్గించుకున్నది.
"బిడ్డా, ఇది రాయకు" అన్నది.
అని, చెప్పింది.
నాలుగు నిమిషాలు చెప్పింది.

అంతా వినబడ్డది.
నడుమ ఊపిరి ఎక్కడ ఆగిందో అది సుత.

నలభై ఎనిమిది రూపాయల పని.
వేళ్లు కీల మీద పెట్టిన, తీసిన.
లేచి రోడ్డు మీద చాయ్ తాగొచ్చిన.
రాసి ఉన్నది రాసినట్టే ఉంచిన.

పొద్దుగాల సుహాసిని వచ్చింది.
"కొత్త మిషన్ కొన్నవట కద అన్నా,
ఆ ముక్క ఏమన్న తేలిందా?"
"పదిహేడు వందల దానికి ఎంతని వినబడ్తది" అన్న.
నలభై ఎనిమిది పట్టుకొని మిగిలింది ఇయ్యమన్న.
ఆ పిల్ల పైసలు లెక్కపెట్టుకుంట ఆగి
నా దిక్కు సూసింది.
ఆ దినం బస్తా పక్కన కూసున్నది
తనే నాయె.