ఎనిమిదో ఇల్లు

తెల్లారకముందే అబర్‌డేర్‌లో బస్సెక్కాం,
ముప్ఫై తొమ్మిది మంది ఆడవాళ్ళం, ఒక్క ఎమ్రిస్.
నలభై ఏళ్ళు రైళ్ళకి సిగ్నలిచ్చినవాడు.
ఇప్పుడు ఒళ్ళో ఎర్రదారం, పచ్చదారం పక్కపక్కన పెట్టుకుని
ఏది ముందు పోవాలో ఆలోచిస్తాడు.

బర్మింగ్‌హామ్‌లో ఆ హాలు
విమానాలు పెట్టుకోదగ్గంత ఉంది.
అందులో దారాలు పెట్టారు.

ఇక్కడ రంగులకి పేర్లుండవు, నంబర్లే.
"మూడొందల పది ఉందా ఎవరిదగ్గరైనా?" అని కేకేస్తే
నల్లదారంతో పది చేతులు లేస్తాయి.
డెలిత్ ఒక గోడ ముందు కదలకుండా నిలబడిపోయింది.
నీలాలే అరవై.
"ఇన్ని ఆకాశాలు ఎవరు కుడతారే?" అంది.
పదకొండు కొంది.

చిన్నప్పుడు లెక్కల టీచరు
నా పుస్తకం నిండా ఎర్ర ఇంకుతో పెట్టిన గుర్తు ఇదే.
ఇంటూ. తప్పు. మళ్ళీ చెయ్యి.
మళ్ళీ చేస్తూనే ఉన్నాను చూడండి టీచర్,
ఇంటూ పక్కన ఇంటూ,
వేలమందిమి, కళ్ళజోళ్ళు ముక్కు చివరికి జార్చుకుని.

పొడుగాటి బల్ల దగ్గర, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య
నాలుగేళ్ళ నా గుడ్డ పరిచాను.
మా వీధి. బొగ్గుగని వాళ్ళ ఇళ్ళు, వరసగా పదకొండు.
పొగగొట్టాలు, మెట్లు, ఏడో గుమ్మంలో పిల్లి.
బోల్టన్ నుంచి వచ్చినావిడ
సూదిమొనతో గళ్ళు లెక్కపెట్టుకుంటూ పోయి ఆగింది.
"ఎనిమిదో ఇంటి కిటికీ ఒక గడి జరిగిందమ్మా."

అంతే, పంచాయితీ మొదలైంది.
విప్పెయ్, లేకపోతే నిద్రపట్టదు.
ఎవరు చూడొచ్చారు, వదిలెయ్.
మా వీధిలో కిటికీలన్నీ వంకరే, నీదే నయం.
ఎమ్రిస్ మాత్రం గంభీరంగా,
"ఒక్క గడి అంటే తక్కువేం కాదు.
అంత తేడాకే పట్టాలు తప్పిన బోగీలు చూశాను."

బల్ల చివర థర్జా అనే ముసలావిడ,
ఒక కంట్లో పొర, మెళ్ళో భూతద్దం.
గుడ్డ అందుకుని ముందువైపు చూడనేలేదు.
వెనక్కి తిప్పింది.
వేళ్ళతో నడుచుకుంటూ వచ్చింది, ఒకటో ఇల్లు, రెండో ఇల్లు.
"ఇక్కడిదాకా కొసలన్నీ బుద్ధిగా పోగుల కింద దాచావు.
ఇదిగో, ఇక్కడ ముడేశావు."

మా పనిలో ముడి వెయ్యకూడదు.
వెనక ముడేస్తే ముందు ఉబ్బుతుంది.
మొదటిరోజే నేర్పే సంగతి.

"ఏమైంది ఆ రోజు?"

ఫోను మోగింది.
ఆసుపత్రి నుంచి, మా చెల్లి మెరెరిడ్ గురించి.
అంత కంగారులోనూ, పిచ్చిదాన్ని,
సూదిలో పోగు అలా వదిలెయ్యకూడదని
ముడేసి, తెంపి, కోటు తొడుక్కున్నాను.
రెండు నెలలకి మళ్ళీ గుడ్డ తీస్తే
లెక్క ఎక్కడ ఆపానో గుర్తులేదు.

ఇదంతా ఆవిడకి చెప్పలేదు.
"టీ చల్లారిపోతోందండీ" అన్నాను.
ఆవిడ తల ఊపి,
సంచీలోంచి సన్నమూతి కత్తెర తీసి నా ముందు పెట్టింది.
తిరిగిమ్మని అడగలేదు.

వచ్చేటప్పుడు పెట్రోలు బంకు దగ్గర బస్సాగితే
బిల్లులన్నీ చింపి చెత్తబుట్టలో పోశాం,
మొగుళ్ళకి చెప్పే ధరలు ముందే ఒప్పందం చేసుకుని.
కొన్న ఫ్రేము ఎంతైందో ఎమ్రిస్ ఎంతకీ చెప్పడు.
ఆయనకి పెళ్ళాం లేదు, అయినా చెప్పడు.

సీటు మీది చిన్న దీపం కింద
కిటికీ విప్పాను. ఇరవై రెండు ఇంటూలు.
ఒక గడి ఎడమకి జరిపి మళ్ళీ కుట్టాను.

కొండల మలుపులు మొదలయ్యాక డ్రైవరు లైట్లార్పేశాడు.
చీకట్లో గుడ్డ వెనక తడిమితే
ముడి అక్కడే ఉంది.
దాని జోలికి పోలేదు.
ముందువైపు ఆ చోట కొంచెం ఉబ్బింది,
లోపల ఎవరో
కిటికీ దాకా వచ్చి నిలబడ్డట్టు.