ఆరో వారం

ఔలు ఊళ్ళో, వీధులు గాజులా గడ్డకట్టిన పొద్దున
పాల డబ్బా వదలకుండా జారిపడింది హిల్కా.
పాలు ఒలకలేదు. మణికట్టు విరిగింది.

అప్పట్నుంచీ నేనే ఆమె కుడిచెయ్యి.
మొద్దు చెయ్యి, అంటుంది.
రొట్టె మీద వెన్న మందమట,
జడ వదులట,
ముప్పై ఏళ్ళుగా హుక్కులు విప్పడమే తెలిసిన వేళ్ళకు
పెట్టడం రావట్లేదట.

తను అల్లుకున్న ఉన్ని తొడుగు పిండికట్టు మీద పట్టలేదు.
అడక్కుండా కత్తిరించాను.
రోజంతా మాట్లాడలేదు.
రాత్రి దాన్నే తొడుక్కుని పడుకుంది.

ఇవాళ కట్టు తీశారు.
లోపల సన్నగా, పాలిపోయి,
ఎవరిదో చిన్నపిల్ల చెయ్యి.
స్పాంజి బంతి నొక్కమన్నాడు డాక్టరు.
నొక్కలేక
నా బొటనవేలు పట్టుకుంది.

"ఇంకాస్త గట్టిగా" అన్నాను.
"ఇదే గట్టి" అంది.

ఇంటికొచ్చి
కాఫీ డబ్బా మూత వదులుగా బిగించి పెట్టాను.
ఆమెకు చెప్పలేదు.