ఒక మాట తక్కువ

సరస్సుకి ఈ ఒడ్డున బొలీవియా, ఆ ఒడ్డున పెరూ.
మధ్యలో నీళ్ళకి ఏ జెండా తెలీదు,
తుంగకి అసలే తెలీదు.
తెల్లారుజామున అయిదింటికి
మైకు ముందు కూర్చుని ఐమారాలో వార్తలు చదువుతాను.
బంగాళాదుంపల ధర, మంచు కురిసే సూచన,
ఎవరి గొర్రె తప్పిపోయిందో, ఎవరింట బిడ్డ పుట్టిందో.

ఆ మంగళవారం
కాగితం మీద మూడు పంక్తులు మిగిలాయి,
గడియారంలో పన్నెండు సెకన్లు.
"రెండు దేశాల నావికులు మన రేవులో
కలిసి శిక్షణ పొందుతారు" అన్నాను.
అంతే.

మధ్యాహ్నానికి సంతలో శిక్షణ స్థావరమైంది.
చీకటి పడేసరికి స్థావరానికి క్షిపణులు మొలిచాయి.
గురువారానికల్లా
దీవిని తొంభై తొమ్మిదేళ్ళకి రాసిచ్చేశారు.
సంతకం పెట్టిన సిరా రంగు కూడా తెలుసు
ఉన్ని అమ్మే ఎలూతేరియాకి:
ఆకుపచ్చ.

రేవులోకి ట్రక్కులొచ్చాయి,
పొడవాటి పెట్టెలు దించాయి.
నిప్పు లేనిదే పొగ రాదు, అంది ఊరు.
ఈ ఎత్తులో, ఈ పలచటి గాలిలో
లామా పేడ రాజేసి ఊదీ ఊదీ
కళ్ళు ఎర్రబడ్డ ఊరే ఆ మాట అంది.
పొగ ఎంత సేపు ఒంటరిగా ఉండగలదో
మాకు తెలిసినంత ఎవరికి తెలుసు?

రాజధాని నుంచి ఖండన వచ్చింది.
నిరాధారం, దురుద్దేశపూరితం, గర్హనీయం,
అన్నీ విశేషణాలే, ఒక్క వివరం లేదు.
మూడు పూటలా చదివాను.
ఖండించిన కొద్దీ
ముక్కముక్కకీ కాళ్ళొచ్చి నడిచింది.
"ఏమీ లేనిదానికి ఇన్నిసార్లు చెప్పాలా అక్కా?"
అన్నాడు రొట్టెల కుర్రాడు, చిల్లర లెక్కపెడుతూ.

శనివారం
అవతలి ఒడ్డు నుంచి చేపలు తెచ్చే ఫ్లోరెంసియో
పడవ కట్టకముందే రాయి తగిలింది.
కనుబొమ్మ మీద మూడు కుట్లు.
విసిరినవాడికి పదకొండేళ్ళు.
ఎవరు చెప్పార్రా అంటే
రేడియో, అన్నాడు.

ఆ రాత్రి చెత్తబుట్ట బోర్లించాను.
మడత విప్పితే మూడు పంక్తులు.
నేను చదివినవి రెండు.
మూడోది:
"నీట మునిగేవారిని కాపాడే పనిలో."
పన్నెండు సెకన్ల కోసం మింగేసిన మాట.
మింగిన మాట కడుపులో ఉండదు,
వీధిన పడి ఎవడి నుదురో వెతుక్కుంటుంది.

ఆదివారం రేవుకెళ్ళి పెట్టెలు తెరవమన్నాను.
కుదరదన్నారు. అక్కడే కూర్చున్నాను.
మూడింటికి కుదిరింది.

సోమవారం అయిదింటికి ఖండన చదవలేదు.
"నేను బసీలియా కోందోరిని. తప్పు నాది" అన్నాను.
కాగితం ఆసాంతం చదివాను.
నారింజ రంగు తేలుడు చొక్కాలు నూట నలభై,
తాళ్ళ చుట్టలు, దుప్పట్లు,
ఒక్కో చొక్కాకీ ఒక్కో ఈల.
తుపాకులూ ఉన్నాయి, ఆరు, కాపలావాళ్ళవి.
అదీ చెప్పాను.
వచ్చే ఏడు వీళ్ళూ వాళ్ళూ
ఏం రాసుకుంటారో నాకు తెలీదని కూడా చెప్పాను.
కుట్లు ఎన్నో చెప్పాను.
తర్వాత మైకు దగ్గర ఈల ఊదాను.
దూదిలాంటి ఆ చీకట్లో
అది ఎంత దూరం వెళ్ళిందో.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు.
నిలకడ ఎలా?
మేమంతా ఉన్నది పడవలోనే కదా.
కొందరు నమ్మారు. కొందరు
"దీని నోరు కూడా కొనేశారు" అన్నారు.
ఫ్లోరెంసియో ఇంకా రాలేదు.
అతని చేపల బల్ల మీద
ఎవరో ఉల్లిపాయలు ఆరబోస్తున్నారు.

శిక్షణ చివరి రోజున
ఎలూతేరియా రేవుకొచ్చి
ఒక చొక్కా అడిగి తొడుక్కుంది.
పట్టీలు బిగించి చూసుకుంది, ఈల తిప్పి చూసింది.
"మా ఆయన పోయిన ఏడు
ఇవెక్కడున్నాయి?" అని అడిగింది
ఇద్దరు నావికుల్నీ, ఇటువైపువాణ్ణీ, అటువైపువాణ్ణీ.
ఇద్దరూ నేల చూశారు.
విప్పి జాగ్రత్తగా మడతపెట్టి ఇచ్చేసి
వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి,
"సిరా మాత్రం ఆకుపచ్చే" అంది.