గుట్ట కుడిచేతి మీద

"గుట్టను కుడిచేతి మీద పెట్టుకొని నడువు,
యాడ తప్పిపోయినా మళ్ల నా కాడికే వస్తవు"
అన్నడు బీరయ్య,
ఒర్రె మూతి కాడ బండ మీద కూసొని,
గొంగడి మడత మోకాళ్ల కింద పెట్టుకొని.

రాచకొండ గుట్టల మీద ఫాల్గుణం పొద్దు
ఇంకా చల్లగనే ఉంది.
మర్రిగూడ మొదటి బస్సు దిగొచ్చిన నా చెప్పులకు
డాంబరు వాసన పోలేదు.

ముందు ఒర్రె.
నీళ్లు లేవు, నీళ్లు నడిచిన గుర్తులున్నయి:
ఇసుక మీద మడతలు,
ఒక రాయి వెనక అరచేయంత తడి,
దాని చుట్టూ తేనెటీగలు
రేషన్ దుకాణం తెరవకముందే వచ్చినోళ్ల లెక్క.

తర్వాత ఎక్కుడు.
సీతాఫలం పొదలు ఇంకా బోసిగనే ఉన్నయి.
మోదుగులు మాత్రం ఆకుల కోసం ఆగలేదు.
దూరం నించి చూస్తే గుట్టకు నిప్పంటుకున్నదనుకున్న,
దగ్గరికి పోతే తెలిసింది
ఆ ఎరుపును నల్ల మఖమలు తొడిమెలకు
ఎవరో ఓపిగ్గా కుట్టిండ్రని.

రెండో మలుపు కాడ కొండగోగు.
ఒంటి మీద ఆకు లేదు,
బండ సందులో పిడికెడు మన్ను లేదు,
పసుపు మాత్రం కొమ్మకొమ్మకు.
ఏం తిని పూసినవే అని అడగబోయి
ఆయాసం వల్ల ఊకున్న.

పైకెక్కినంక అవతలి పక్క కనబడ్డది.
బడి పుస్తకంలో ఎడారి అంటే
ఒక ఒంటె, రెండు ఈత చెట్లు.
ఇక్కడ ఒంటె లేదు.
ఎర్ర చెల్కలు, చౌడు పేలిన మళ్లు,
వరుసలు చెడకుండానే ఎండిపోయిన బత్తాయి తోట,
లెక్కపెడితే పదకొండు బోరు పైపులు
ఆకాశం దిక్కు నోళ్లు తెరుచుకొని.
ఒక్కదాని మూతి మీద మాత్రం ఎవరో రాయి పెట్టిండ్రు.
పిల్లలున్న ఇల్లేమో.

గాలి అక్కడి నించే వస్తది,
అటికెలో మాడిన మన్ను వాసనతో.
సీసా తీసి నీళ్లు తాగిన.
గుటక దిగుతుంటే బీరయ్య యాదికొచ్చిండు:
ఈ నేల కింది నీళ్లే తాగిండు నలభై ఏండ్లు,
ఎముకల లోపల ఈ గుట్టే పెరిగింది ఆయనకు.
మూత బిగించి
చానాసేపు చేతిలనే పట్టుకున్న.

దిగుడులో మేకల బాట పట్టి తప్పిపోయిన.
పరికి ముళ్లు చొక్కా గుంజి
ఎవరి పిల్లగానివి అని అడిగినయి.
కౌజు పిట్ట ఒకటి కాళ్ల కాడి నించి లేచి
నాకంటె ఎక్కువ భయపడ్డది.
కుడిచెయ్యి చూసుకున్న. గుట్ట ఉంది.
వంగి చూస్తే రాళ్ల నడుమ
చొక్కా గుండీ కన్న చిన్న ఊదా పూలు,
తొక్కిన తర్వాతనే కనబడ్డయి.

పొద్దు నెత్తి మీదికి రాకముందే మళ్ల అదే బండ.

"గోగు పూసిందా?"
"పూసింది."
"ఎన్ని పూలు?"
"లెక్కపెట్టలే."
"బోర్లు?"
"పదకొండు."
"అవి లెక్కపెట్టినవ్"
అన్నడు, నవ్వకుండ.

బీరయ్య మెడ తిరగదు.
ఏం చూడాలన్నా మనిషంతా తిరగాలె.
కట్టె ఊతం చేసుకొని లేచిండు,
నేను చెయ్యి అందిస్తే వద్దన్నడు.
బెత్తెడు బెత్తెడు అడుగులు
తన చుట్టూ తానే:
గిది ఒర్రె, గిది ఎక్కుడు,
గీడ గోగు, మా అయ్య నాటి నించి ఉన్నది,
గీడ గాలి మళ్లుతది, గొర్లు ముందే పసిగడతయి,
గీడ నువ్వు తప్పిపోయింది.

తప్పిపోయిన సంగతి నేను చెప్పనే లేదు.

"ఆ ఊదా పూలు గొర్లు ముట్టవు.
మా అమ్మకు పేరు తెలుసు, నేను అడగలే"
అన్నడు అటు దిక్కు ఉన్నప్పుడు,
మాట గుట్టకు తాకి నాకు వినబడ్డది.

తిరిగి తిరిగి ఆయన మొగం
మళ్ల నా దిక్కు వచ్చేసరికి
ఒంటిగంట బస్సు హారను కొట్టి పోయింది.
ఇంకో బస్సు నాలుగింటికి.
ఫ్లాస్కులో చాయ గోరువెచ్చగున్నది.
మూతలో ఆయనకు పోసి
"ఎన్ని పూలుంటయంటవ్?" అన్న.
బీరయ్య కండ్లు మూసి
లెక్కపెట్టుడు మొదలుపెట్టిండు.