రెండో డోసు

మూడు నెలలు వాటిని గసగసాలనుకున్నాను.

తలుపు కింద, పొద్దున్నే, చిటికెడు.
చీపురుతో గడప దాటించేదాన్ని.
మర్నాడు మళ్ళీ అక్కడే,
ఎవరో కొలిచి పోసినట్టు.
పక్కింటి షంషాద్‌ని అడిగాను,
నీ పిల్లలేమన్నా తింటూ రాలుస్తున్నారా అని.
రెండు రోజులు మాట్లాడలేదు ఆమె.

కుళ్ళాయప్ప వచ్చి స్క్రూడ్రైవర్ పిడితో
ద్వారబంధాన్ని తట్టాడు.
కింద గట్టి. మోకాలెత్తున గట్టి.
నడుము దాటాక డొల్ల.
ముప్ఫై ఏళ్ళు బూదగవిలో, చిన్నముష్టూరులో
కడుపుల మీద ఆనించిన చెవి ఇది,
సొంత తలుపుకి ఏనాడూ ఆనలేదు.

"మట్టి సెద గాదు మేడమ్.
అదైతే గోడెంబడి దారి గట్టుకోనొస్తాది, కండ్లకు కనపడతాది.
ఇది ఎండు సెద.
కట్టెలోనే పుట్టి కట్టెలోనే సస్తాది.
దీనికి నీళ్ళు గూడా పన్లే."

నీళ్ళు పన్లేదా!
నవ్వాపుకోలేకపోయాను.
ఏడు వందల అడుగులకి బోరు దుమ్ము కక్కిన వీధి మాది.
ఉరవకొండలో కాపురం పెట్టడానికి
ఇంతకన్నా యోగ్యత ఎవరికుంది?

పోయినేడు తొలివానకి
ట్యూబులైటు కింద రాలిన రెక్కలు గుర్తొచ్చాయి.
ఉసిళ్ళవేలే అని చేటకెత్తి పారబోశాను.
అప్పుడే రావలసింది నేను, తలుపు దగ్గరికి.

జానెడుకో బెజ్జం వేసుకుంటూ పోయాడతను.
మందు పొయ్యడానికి జేబులోంచి ఇంకు ఫిల్లరు తీశాడు.
ఉండు, అన్నాను.
రిటైరైన రోజు వాళ్ళు శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు.
బీరువా అడుగున సిరంజిల పెట్టె మాత్రం
నా అంతట నేను దాచుకున్నది.
తొడుగులు వేసుకున్నాను. మూతికి గుడ్డ కట్టాను.
సూది పైకెత్తి గాలిబుడగ వదిలించాను.
"కట్టెకు అదంతా యాల మేడమ్?"
చేతికి ఆ సంగతి ఎవరు చెప్పాలి?

మొదటి బెజ్జం మెల్లగా తాగింది.
రెండోది కక్కేసింది.
మూడోదానికి ఐదు మిల్లీలు, ఇంకో ఐదు,
ఇంకా అడుగుతూనే ఉంది.
చూస్తుండగానే రెండు జానల కింద
మరో బెజ్జంలోంచి మందు బొట్లు బొట్లుగా.
లోపల ఎన్ని గదులో, ఎంత నడవో.
దాంతోపాటే ఒకటి బయటికొచ్చింది,
తెల్లగా, నూక గింజంత, వెలుతురు తెలియనిది.
కాసేపు అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది.
దాన్ని ఊడ్వడానికి చీపురు తీసుకోలేదు. వేలితోనే తీశాను.

బెజ్జాలకి మైనం పెట్టి
"అయిపాయె. ఇంగ రాదు" అన్నాడు.
ఈ మాట నేనూ చెప్పాను, ఎన్ని గుమ్మాల్లోనో,
చంకలో ఏడుస్తున్న బిడ్డతో
తల్లి నా ముఖం కేసి చూస్తుంటే.
ఇంకా ఒక డోసుందని చివర్లో చెప్పేదాన్ని,
వాళ్ళు సగం విని లోపలికి వెళ్ళిపోయేవారు.

తలుపు మీద పాత సుద్ద గుర్తులున్నాయి.
పోలియో ఆదివారాల 'పి'లు, తేదీలు.
చుక్కలు వేయాల్సిన పిల్లలు లేని ఇల్లు నాది,
అయినా వరసలో తప్పిపోకూడదని నేనే రాసుకున్నవి.
సుద్దముక్క వెతికి వాటి పక్కన 'ఎక్స్' పెట్టాను.
ఎక్స్ అంటే మళ్ళీ రావలసిన ఇల్లు.

కింద పాత పేపరు పరిచాను.
పాతవి కొన్నాళ్ళు రాలతాయట, భయపడొద్దట.
భయం సంగతి కాదు, లెక్క సంగతి.
నలభై ఒకటి. ఇరవై ఆరు. తొమ్మిది. తొమ్మిది.
మధ్యలో ఒకరోజు సున్నా.
షంషాద్ చిన్నవాడు భూతద్దం తెచ్చాడు,
గింజకి ఆరు నొక్కులున్నాయత్తా, బెండకాయ గింజ కాదిది, అన్నాడు.
వాళ్ళమ్మ గుమ్మం బయటే నిలబడి
ఇప్పటికైనా నమ్ముతావా, అంది.

ఇవాళ పందొమ్మిదో రోజు.
పేపరు మీద రెండు.
రిజిస్టరులో రాశాను.
గుర్తు మార్చలేదు.