తొక్కి పట్టు

సీతారామపురం దాటినాక రాళ్ళ దిగుడులో
పెడలు నా కాలికింద మెత్తగా కుంగింది,
అరటిదూట మీద అడుగేసినట్టు.
రెండోతూరి తొక్కితే సగం.
మూడోతూరికి, పోన్లే పాపం అన్నట్టు, పట్టింది.
ఆ మూడింటి మధ్య ఎంత దూరం దొర్లామో
నేను చెప్పలా.
ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకోని పక్కసీట్లో
వసుంధర డాక్టరమ్మ అడగనూ లా.
పెట్టెలో చిటుకు రోగం టీకా సీసాలు
ఒకదాన్నొకటి తగిలి గలగలమన్నాయి, అంతే.

తెల్లారి ఉదయగిరిలో మీరావలి షెడ్డు.
రేకుల కింద అప్పటికే సెగ.
మీరావలి ముందే జీపుని ముట్టుకోడు.
బీడీ చెవిమీద పెట్టుకోని అడుగుతాడు,
నాటువైద్యుడు ఏం తిన్నావని అడిగినట్టు:
"తొక్కి పట్టుకుంటే కిందికి జారతందా?"
లా.
"పంపు కొడితే పైకొస్తందా?"
వస్తంది.
"ఆయిలు తగ్గిందా?"
చుక్క తగ్గలా.
"అయితే యాడా కారడంలా. మాస్టర్ సిలిండరు మంచిదే.
లోపల గాలుంది అబయా.
ఆయిలు నలగదు, గాలి నలుగుద్ది.
నీ కాలి సత్తువంతా అదే తినేస్తంది."

గాలి తియ్యాలంటే ఇద్దరు కావాల.
ఒకడు సీట్లో, ఒకడు చక్రం కాడ.
మధ్యలో మాటే గాని చూపుండదు.
లోపల కనపడే గొట్టం కావాలన్నాడు.
డాక్టరమ్మ సంచిలోంచి
నిన్న పొట్టేలుకి ఎక్కించిన సెలైను గొట్టం తీసిచ్చింది.

ఎడం వెనక చక్రం. అన్నిట్లోకీ దూరం ఉండేది ముందు.
"తొక్కు."
తొక్కినా.
"ఇంకా. ఇంకోతూరి. పట్టు."
పట్టినా.
కింద పానా పావుచుట్టు తిరిగింది,
నా కాలు నేలదాకా దిగబడింది.
"వదలబాక!"
బిగించిందాకా వదలకూడదు.
వదిలితే పోయిన గాలి
మర్చిపోయిన గొడుక్కోసం వచ్చిన చుట్టంలాగా
మళ్ళీ లోపలికొస్తంది.
"ఊఁ. వదులు."

డికాషను రంగు పోయి తేనె రంగొచ్చింది సీసాలోకి.
కుడి వెనక. ఎడం ముందు. కుడి ముందు.
పదిగంటలకి నా తొడ కొయ్యబారింది.
రెండు డబ్బాల కొత్త ఆయిలు తాగింది జీపు.
పెడలు మాత్రం అదే అరటిదూట.
మీరావలి చెవిమీది బీడీ తీసి
దూరంగా పోయి ముట్టించాడు.

ఇక్కడ నేను చెప్పాల్సిన మాట ఒకటుండింది.
పోయిన ఆదివారం
ముందు చక్రాల బ్రేకులిప్పి రబ్బర్లు నేనే మార్చినా,
ఐదొందలు మిగలతాయని.
కొంచెం మెత్తగా ఉంటే, అదే సర్దుకుంటదిలే అనుకున్నా.
నోరు తెరిచినా.
మూసినా.

డాక్టరమ్మ లేచొచ్చి ముందుచక్రం కాడ గొంతుక్కూచుంది,
కుచ్చిళ్ళు మోకాళ్ళ సందున ఇరికించుకోని.
ఈనలేక మూలిగే గొర్రెని చూసినట్టు
చాలాసేపు చూసింది.
"మీరావలీ, సిరంజిలో మందు లాగినాక
నేను గాలి ఎట్టా తీస్తాను?"
"సూది పైకి పెట్టి, వేలితో టకటకా కొట్టి."
"మరి ఈ నిప్పిలు నేలకేసి చూస్తందేంది?"

రేకుమీద కాకి నడిచే చప్పుడు వినపడింది.

మీరావలి ఆ చక్రం చూశాడు. ఈ చక్రం చూశాడు.
కుడిది ఎడమకుంది, ఎడమది కుడికుంది.
గాలి పైకెక్కి కూర్చోనుంటే
తలుపు అడుగున పెట్టారెవరో.
"ఇది నా చెయ్యి కాదే," అన్నాడు.
అని నా వైపు చూళ్ళా.
చూసినా బాగుండు.

అటూ ఇటూ మార్చి బిగించినాక
మళ్ళీ తొక్కు, మళ్ళీ పట్టు.
సెలైను గొట్టంలో ఒకటే ఒక లావు బుడగ
ఎక్కింది, వంపుకాడ ఆగింది,
పోయింది.
పెడలు పైనే నిలబడింది, రాయల్లే.

"ఎంతియ్యాల?"
"ఐదొందలు నాకు.
ఇంకో ఐదొందలు డాక్టరమ్మకి."

సాయంత్రం గండిపాలెం రోడ్డులో
మలుపు తిరగ్గానే మంద.
ఒకే తొక్కుడు. జీపు ఆగింది.
సీసాలు ఒక్కసారే మోగినాయి.
తెల్లవీ, నల్లమూతివీ, గంట కట్టింది ఒకటీ
ముందు బంపరుకి ఒళ్ళు రుద్దుకుంటా
తీరిగ్గా దాటినాయి.
ఒక్కటి కూడా తలెత్తి మమ్మల్ని చూళ్ళా.
వాటి దుమ్ము అణిగింది.
రోడ్డు ఖాళీ అయింది.
నా కాలు ఇంకా పెడలుమీదే ఉంది.

"వదలొచ్చు," అంది డాక్టరమ్మ.